అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసిన గే నల్లజాతి అభ్యర్థులు: తరచుగా అడిగే ప్రశ్నలు

2020లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఇద్దరు యువకులు అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేసి గెలిచారు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. ఇద్దరూ తాము గే అని ఓటర్లకు ముందే చెప్పి ఓట్లు అడిగినవాళ్ళు. 1789 నుంచి నడుస్తున్న ఆ సభలో అలాంటి సభ్యుడు అంతకుముందు ఒక్కరూ లేరు. ఈ విషయం ఎప్పుడు ప్రస్తావనకు వచ్చినా కొన్ని ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. కొన్ని నిజంగా తెలుసుకోవాలని అడిగేవి, కొన్ని అనుమానంతో అడిగేవి. రెండు రకాలకూ ఇక్కడ జవాబులు రాశాను.

ఎవరు ఈ ఇద్దరు?

ఒకరు రిచీ టారెస్. 1988లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టారు. తండ్రిది పోర్టోరికో మూలం, తల్లి నల్లజాతి అమెరికన్. తల్లి ఒంటరిగా ముగ్గురు పిల్లల్ని పెంచింది. వాళ్ళు ఉన్నది త్రాగ్స్ నెక్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో. గోడలకు బూజు, కప్పు నుంచి నీళ్ళు, చలికాలంలో పనిచేయని హీటర్లు. ఆ ఇళ్ళకు ఎదురుగానే నగరం 10 కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనం పెట్టి గోల్ఫ్ మైదానం కట్టింది. దాన్ని నడిపే కాంట్రాక్టు డొనాల్డ్ ట్రంప్ కంపెనీకి దక్కింది. పక్కవీధిలో గోల్ఫ్‌కు డబ్బుంది, మా అమ్మ ఇంటి మరమ్మతుకు లేదా అన్నదే తనను రాజకీయాల్లోకి లాగిన ప్రశ్న అని టారెస్ చాలాసార్లు చెప్పారు. కాలేజీలో చేరాక తీవ్రమైన డిప్రెషన్‌తో చదువు మానేశారు. ఆ విషయం కూడా దాచలేదు. 2013లో 25 ఏళ్ళ వయసులో న్యూయార్క్ నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు.

రెండోవారు మాండేర్ జోన్స్. 1987లో పుట్టారు, న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న రాక్‌లాండ్ కౌంటీలో పెరిగారు. ఈయన తల్లీ ఒంటరిదే. అద్దెకు ప్రభుత్వ సాయం, తిండికి ఫుడ్ స్టాంపులు. పిల్లాణ్ణి డేకేర్‌లో వేసే స్తోమత లేక, అమ్మమ్మ ఇళ్ళు శుభ్రం చేసే పనికి వెళ్తూ మనవణ్ణి వెంట తీసుకెళ్ళేది. ఆ పిల్లాడు తర్వాత స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్ లా స్కూల్ చదివి, ఆ ఇళ్ళున్న నియోజకవర్గానికే ప్రతినిధి అయ్యారు.

"బహిరంగంగా గే" అని ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలి? అది వాళ్ళ సొంత విషయం కదా?

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. దీనికి జవాబు 1960లో ఉంది.

బయార్డ్ రస్టిన్ అనే నల్లజాతి ఉద్యమకారుడు ఉండేవారు. గాంధీ హత్య జరిగిన 1948లోనే ఇండియా వచ్చి, ఇక్కడి అహింసా ఉద్యమకారుల మధ్య కొన్ని వారాలు గడిపి వెళ్ళారు. మార్టిన్ లూథర్ కింగ్‌కు అహింసా పోరాటపు మెలకువలు నేర్పినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆయన గే. 1953లో కాలిఫోర్నియాలో ఆ కారణంగానే అరెస్టయి శిక్ష అనుభవించారు. 1960లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ దగ్గర నిరసన చేయాలని కింగ్, రస్టిన్ అనుకున్నప్పుడు, ఆడమ్ క్లేటన్ పావెల్ అనే కాంగ్రెస్ సభ్యుడికి అది నచ్చలేదు. పావెల్ కూడా నల్లజాతి నాయకుడే, హార్లెమ్ నుంచి గెలిచినవాడు. నిరసన ఆపకపోతే మీ ఇద్దరి మధ్య సంబంధం ఉందని ప్రచారం చేస్తానని బెదిరించాడు. అది అబద్ధం. అయినా కింగ్ వెనక్కి తగ్గారు, రస్టిన్ రాజీనామా చేసి పక్కకు తప్పుకున్నారు.

మూడేళ్ళ తర్వాత, 1963 ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది కదిలిన వాషింగ్టన్ మార్చ్‌ను రోజువారీ ఏర్పాట్లతో సహా నడిపింది మళ్ళీ రస్టినే. బస్సులు, మైకులు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, అన్నీ ఆయన లెక్కలే. మార్చ్‌కు కొద్ది రోజుల ముందు సెనేటర్ స్ట్రోమ్ థర్మండ్ సెనేట్‌లో నిలబడి పాత అరెస్టు రికార్డు బయటపెట్టాడు. ఈసారి కింగ్, మిగతా నాయకులు రస్టిన్‌ను వదలలేదు. ఆ మార్చ్ అనగానే కింగ్ ప్రసంగం అందరికీ గుర్తొస్తుంది. రస్టిన్ పేరు దశాబ్దాలపాటు వెనకే ఉండిపోయింది. దేశపు అత్యున్నత పౌర పురస్కారం 2013లో వచ్చింది, అప్పటికి ఆయన చనిపోయి 26 ఏళ్ళు.

ఇంకొకరు టెక్సాస్ నుంచి 1972లో కాంగ్రెస్‌కు గెలిచిన బార్బరా జోర్డాన్. దక్షిణాది నుంచి ఆ సభకు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ, అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన విచారణలో ఆమె ప్రసంగాన్ని ఇప్పటికీ విద్యార్థులు చదువుతారు. నాన్సీ ఎర్ల్ అనే మహిళతో ఆమె దశాబ్దాలు కలిసి జీవించారు. ఆ బంధం గురించి ఆమె బహిరంగంగా ఎప్పుడూ చెప్పలేదు. 1996లో ఆమె పోయాకే పత్రికలు దాని గురించి రాశాయి.

సొంత విషయం సొంతంగానే ఉండాలంటే దాన్ని ఎవరూ ఆయుధంగా వాడకూడదు. వాడేవాళ్ళు ఉన్నంతకాలం, దాచుకున్నవాళ్ళ పిలక వాళ్ళ చేతిలో ఉంటుంది. టారెస్, జోన్స్ ముందే చెప్పేశారు కాబట్టి వాళ్ళను పావెల్‌లా ఎవరూ బెదిరించలేకపోయారు. "బహిరంగంగా" అన్న మాటకు నేను ఇంత బరువు ఇవ్వడానికి కారణం అదే.

అంతకుముందు కాంగ్రెస్‌లో గే సభ్యులు లేరా?

ఉన్నారు. 1983లో గెర్రీ స్టడ్స్, 1987లో బార్నీ ఫ్రాంక్ సభ్యులుగా ఉంటూనే తాము గే అని చెప్పారు. 1998లో టామీ బాల్డ్విన్ ముందే చెప్పి గెలిచారు. వీళ్ళు ముగ్గురూ తెల్లవాళ్ళు. 2012లో గెలిచిన మార్క్ టకానో జపాన్ మూలాలున్నవారు, తెల్లవారు కాని తొలి బహిరంగ గే సభ్యుడు. నల్లజాతివాళ్ళకు చిన్న పదవుల్లో దారి ముందే తెరుచుకుంది. 1989లో కీత్ సెయింట్ జాన్ న్యూయార్క్ రాజధాని ఆల్బనీలో నగర కౌన్సిల్‌కు గెలిచారు. అక్కడి నుంచి కాంగ్రెస్ దాకా రావడానికి 31 ఏళ్ళు పట్టింది.

పార్టీ టికెట్ ఎవరిచ్చారు? అధిష్టానం ఒప్పుకుందా?

మన దగ్గరలా బీ ఫారం ఇచ్చే అధిష్టానం అక్కడ లేదు. పార్టీ లోపలే ప్రైమరీ అనే ఎన్నిక జరుగుతుంది. న్యూయార్క్‌లో అయితే పార్టీలో నమోదైన ఓటర్లే అభ్యర్థిని ఎన్నుకుంటారు. పార్టీ పెద్దల మద్దతు ఉపయోగపడుతుంది, కానీ అది లేకపోయినా బరిలో దిగొచ్చు. జోన్స్ 2019లో బరిలోకి దిగినప్పుడు, ఆ సీటులో 1989 నుంచి ఉన్న సొంత పార్టీ సీనియర్ సభ్యురాలు నీటా లోయీ మీదే పోటీకి సిద్ధపడ్డారు. కొన్ని నెలల తర్వాత ఆమె మళ్ళీ పోటీ చేయనని ప్రకటించడంతో బరి తెరుచుకుంది. బ్రాంక్స్‌లోనూ ఎంతోకాలంగా ఉన్న హోసే సెరానో తప్పుకున్నారు.

సభకు అర్హత చాలా సులువు: 25 ఏళ్ళు నిండాలి, ఏడేళ్ళుగా పౌరుడై ఉండాలి, ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి. కష్టమంతా డబ్బు దగ్గరే. 2020లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 2,800 డాలర్లకు మించి ఇవ్వకూడదు. పెద్ద స్నేహితులు లేని అభ్యర్థి వేలమంది దగ్గర చిన్నచిన్న మొత్తాలు అడుక్కోవాలి. గే, లెస్బియన్ అభ్యర్థులకు సాయం చేయడానికే 1991లో విక్టరీ ఫండ్ అనే సంస్థ పుట్టింది.

బ్రాంక్స్ పోటీలో అంత టెన్షన్ ఎందుకు?

12 మంది అభ్యర్థులు ఉండడం వల్ల, వాళ్ళలో రూబెన్ డియాజ్ సీనియర్ ఒకరు కావడం వల్ల.

డియాజ్ పెంతెకోస్తు పాస్టర్, నెత్తిమీద ఎప్పుడూ కౌబాయ్ టోపీ, బ్రాంక్స్‌లో అందరికీ తెలిసిన ముఖం. 2011లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్ స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేసినప్పుడు, వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక డెమొక్రాట్ ఆయన. 2019 ఫిబ్రవరిలో, నగర కౌన్సిల్ గేల గుప్పిట్లో ఉందని స్పానిష్ రేడియోలో అన్నారు. అదే కౌన్సిల్‌లో టారెస్ సభ్యుడు, అప్పటి స్పీకర్ కోరీ జాన్సన్ కూడా గే. క్షమాపణ చెప్పమంటే డియాజ్ చెప్పలేదు. కౌన్సిల్ ఆయన అధ్యక్షతన ఉన్న కమిటీనే రద్దు చేసింది.

ఆ ప్రైమరీలో సగం ఓట్లు రావాలన్న నియమం లేదు. అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. పదకొండుమంది మిగతా ఓట్లను పంచుకుంటే, చర్చిల్లో గట్టి పట్టున్న డియాజ్ తక్కువ శాతంతోనే గట్టెక్కుతారని చాలామంది భయపడ్డారు. ఇది పక్కా డెమొక్రటిక్ సీటు కాబట్టి ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే.

పోలింగ్ 2020 జూన్ 23. దానికి ఎనిమిది రోజుల ముందు, జూన్ 15న, గే అయినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోవిడ్ వల్ల ఓట్లు ఎక్కువగా పోస్టులో వచ్చాయి, లెక్క తేలడానికి వారాలు పట్టింది. చివరికి టారెస్‌కు సుమారు 32 శాతం, రెండో స్థానంలో మైఖేల్ బ్లేక్, డియాజ్ మూడో స్థానంలో. నాకు ఈ ఫలితంలో బాగా నచ్చే విషయం ఒకటుంది: టారెస్ ప్రచారమంతా అద్దెల గురించి, ఇళ్ళ గురించి చేశారు. డియాజ్ ఏం మాట్లాడినా ఆయన మాత్రం బూజు పట్టిన గోడల దగ్గరికే తిరిగి వచ్చేవారు.

నల్లజాతి ఓటర్లు, చర్చికి వెళ్ళేవాళ్ళు గే అభ్యర్థికి ఓటెయ్యరని అంటారు. నిజమేనా?

ఈ మాట అమెరికాలోనూ బాగా వినిపిస్తుంది. వ్యతిరేకించేవాళ్ళు ఉన్నారు, లేరని చెప్పలేం. కానీ ఒక జాతి మొత్తానికి అంటగట్టే ముందు కొన్ని సంగతులు చూడాలి. నల్లజాతి హక్కుల సంస్థల్లో అతి పాతది, పెద్దది అయిన ఎన్‌ఏఏసీపీ 2012 మేలోనే స్వలింగ వివాహాలకు మద్దతు ప్రకటించింది. దేశమంతా అవి చట్టబద్ధమైంది 2015 జూన్ 26న. 2019లో షికాగో మేయర్ ఎన్నికల తుది పోరులో లోరీ లైట్‌ఫుట్ నగరంలోని 50 వార్డుల్లో యాభైనీ గెలిచారు. ఆమె నల్లజాతి మహిళ, లెస్బియన్. ఆ వార్డుల్లో నల్లజాతి చర్చిలు వీధికొకటి ఉన్నవి కూడా ఉన్నాయి. బ్రాంక్స్ సీటులో లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు), నల్లజాతివాళ్ళే అత్యధికులు, టారెస్‌ను గెలిపించింది వాళ్ళే.

జోన్స్ సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆయన నియోజకవర్గంలో తెల్లవాళ్ళే ఎక్కువ, డబ్బున్న శివారు ఊళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ ప్రైమరీలో కోట్లు ఖర్చుపెట్టగల ప్రత్యర్థులను దాటి సుమారు 42 శాతం తెచ్చుకున్నారు.

అవి రిజర్వుడు సీట్లా?

కాదు. అమెరికాలో ఎస్సీ, ఎస్టీ సీట్ల లాంటి రిజర్వేషన్ లేదు. 1965 ఓటింగ్ హక్కుల చట్టం కింద, నల్లజాతి ఓట్లను ముక్కలు చేసి బలహీనపరిచేలా హద్దులు గీస్తే కోర్టులో సవాలు చేయొచ్చు. అందువల్ల కొన్ని చోట్ల మైనారిటీలే ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. అక్కడ కూడా ఎవరైనా పోటీ చేయొచ్చు.

గెలిచాక గేల సమస్యలు తప్ప వేరేవి పట్టించుకుంటారా?

టారెస్ గెలిచినప్పుడు ఆ సీటు దేశంలోకెల్లా అత్యంత పేద కాంగ్రెస్ నియోజకవర్గం. ఆయన ఎక్కువగా పట్టుబట్టింది పిల్లలున్న కుటుంబాలకిచ్చే పన్ను రాయితీ మీద. దాని లోపం ఏమిటంటే, ఆదాయం మరీ తక్కువ ఉన్న కుటుంబాలకు పూర్తి మొత్తం అందేది కాదు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ. 2021లో దాన్ని సరిచేసి, ఆరేళ్ళలోపు పిల్లలకు 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకు 3,000 డాలర్ల దాకా పెంచారు. ఆ పెంపు ఒక్క ఏడాదే నిలిచింది. కొనసాగించాలని టారెస్ గట్టిగా వాదించారు, సెనేట్‌లో మద్దతు చాలలేదు.

జోన్స్ ఓటు హక్కు చట్టాల మీద ఎక్కువ పనిచేశారు. 2022లో వివాహ హక్కును కాంగ్రెస్ చట్టంగా చేసినప్పుడు ఇద్దరూ ఓటేశారు. అది అటు గేల వివాహాలకూ, ఇటు వేర్వేరు జాతులవాళ్ళ వివాహాలకూ రక్షణ. తెలుగువాళ్ళు తెల్లవాళ్ళను, నల్లవాళ్ళను పెళ్ళి చేసుకుని కాపురాలు చేస్తున్న ఇళ్ళకు కూడా అది వర్తిస్తుంది.

ఇద్దరివీ ఒకే అభిప్రాయాలా? వాళ్ళను విమర్శిస్తే తప్పా?

తప్పు కాదు, విమర్శించాలి కూడా. టారెస్ ఇజ్రాయెల్‌ను గట్టిగా సమర్థిస్తారు, సొంత పార్టీలోని వామపక్షం ఆయనతో చాలాసార్లు గొడవపడింది. జోన్స్ 2020లో ప్రగతిశీల వర్గం అభిమాన అభ్యర్థి. 2024లో ఆయన తమ సహచరుడు జమాల్ బోమన్‌కు పోటీగా నిలబడ్డ జార్జ్ లాటిమర్‌ను సమర్థించేసరికి ఆ వర్గం తరఫున ఎన్నికల్లో పనిచేసే కమిటీ జోన్స్‌కు మద్దతు ఉపసంహరించుకుంది. ఓటేసినందుకు, మాట మార్చినందుకు ఎంతైనా నిలదీయండి. పుట్టుకను, ప్రేమను పట్టుకుని తిట్టడం మాత్రం విమర్శ కాదు.

మరి జోన్స్ ఒక్క పదవీకాలమే ఎందుకు ఉన్నారు?

గే అయినందుకు ఓడిపోయారని అనుకుంటారు, కానీ నడిచిన కథ వేరు. 2022లో కోర్టు ఆధ్వర్యంలో న్యూయార్క్ నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీశారు. పక్క సీటులోని షాన్ పాట్రిక్ మలోనీ, తన సీటు కష్టమనుకుని, జోన్స్ సీటుకు మారారు. ఆయన అప్పట్లో డెమొక్రటిక్ పార్టీ ఎన్నికల కమిటీ అధ్యక్షుడు, ఆయన కూడా గే, తెల్లవారు. జోన్స్ తన ఊరొదిలి న్యూయార్క్ నగరంలోని 10వ సీటుకు వెళ్ళి ప్రైమరీలో మూడో స్థానంలో నిలిచారు. మలోనీ నవంబరులో రిపబ్లికన్ మైక్ లాలర్ చేతిలో ఓడిపోయారు. 2024లో జోన్స్ సొంతగడ్డకు తిరిగొచ్చి లాలర్ మీద పోటీ చేసి ఓడిపోయారు. ఆ సీటు మార్పిడి పార్టీకి తగిలిన దెబ్బ, అది జోన్స్‌కు జరిగిన అన్యాయం కూడా అని నా అభిప్రాయం. టారెస్ మాత్రం 2022లో, 2024లో సులువుగా గెలిచారు.

సెనేట్‌కు ఎవరైనా వెళ్ళారా?

పెన్సిల్వేనియాలో 2022లో మాల్కం కెన్యాటా పోటీ చేశారు. ఫిలడెల్ఫియా నుంచి రాష్ట్ర శాసనసభకు గెలిచిన యువ నాయకుడు, గే, నల్లజాతివారు. ప్రైమరీలో జాన్ ఫెటర్‌మన్ గెలిచారు, కెన్యాటా మూడో స్థానంలో నిలిచారు. 2023 సెప్టెంబరు చివర్లో కాలిఫోర్నియా సెనేటర్ డయాన్ ఫైన్‌స్టీన్ మరణించాక, అక్టోబరులో ఆ రాష్ట్ర గవర్నర్ ఆ ఖాళీలో కార్మిక సంఘాల మాజీ నాయకురాలు లఫాంజా బట్లర్‌ను నియమించారు. సెనేట్‌లో తొలి బహిరంగ లెస్బియన్ నల్లజాతి సభ్యురాలు ఆమె. 2024లో ఆమె పోటీ చేయలేదు.

వేరే దేశాల్లో?

దక్షిణాఫ్రికాలో 2014లో జఖేలే ఎంభేలే పార్లమెంటుకు వెళ్ళారు, ఆ దేశ పార్లమెంటులో తొలి బహిరంగ గే నల్లజాతి సభ్యుడు. అక్కడ నేల ముందే సిద్ధమైంది. లైంగికత కారణంగా వివక్ష చూపకూడదని రాజ్యాంగంలో రాసుకున్న మొదటి దేశం అది. అలా రాయించినవాళ్ళలో సైమన్ ఎంకోలీ లాంటివాళ్ళున్నారు. వర్ణవివక్ష మీద పోరాడి దేశద్రోహం కేసులో జైలుకెళ్ళిన గే యువకుడాయన.

బ్రెజిల్ కథ భయపెడుతుంది. గే సభ్యుడు జాన్ విలీస్ హత్యా బెదిరింపులు తట్టుకోలేక 2019లో దేశం వదిలి వెళ్ళారు. ఆ సీటులోకి వచ్చినవారు రియో మురికివాడలో పెరిగిన నల్లజాతి గే నాయకుడు డేవిడ్ మిరాండా. అంతకు ఏడాది ముందే ఆయన సహచరురాలు, నగర కౌన్సిలర్ మరియెల్ ఫ్రాంకోను కారులోనే కాల్చి చంపారు. ఆ భయం మధ్యే మిరాండా పదవి తీసుకున్నారు. అనారోగ్యంతో 2023 మేలో, 38వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు చనిపోయారు.

తెలుగులో వీళ్ళను ఏమని రాయాలి?

"గే" అని రాస్తే చాలు, అందరికీ అర్థమవుతుంది. "స్వలింగ సంపర్కుడు" అన్న మాట మనిషిని పడగ్గదికే కట్టేస్తుంది. ఒక ఎంపీని గురించి రాసేటప్పుడు ఆ మాట ఎందుకు? తెలుగు మాటే కావాలంటే "స్వలింగ ప్రేమికుడు" మేలు. జాతి గురించి "నల్లజాతి" లేదా "ఆఫ్రికన్ అమెరికన్" అనండి. టారెస్ తనను తాను ఆఫ్రో-లాటినో అని చెప్పుకుంటారు, ఆయన విషయంలో అలాగే రాయడం మర్యాద.

మన దగ్గర ఇలాంటి పోటీ జరిగిందా?

సెక్షన్ 377 కింద 2018 సెప్టెంబరు 6 దాకా మన దేశంలో గేల బంధం నేరం. నేరమన్న విషయాన్ని నామినేషన్ వేసేటప్పుడు ఎవరు చెప్పుకుంటారు? ట్రాన్స్‌జెండర్లు మాత్రం ముందే ధైర్యం చేశారు. 2000లో మధ్యప్రదేశ్‌లో షబ్నం మౌసీ ఎమ్మెల్యేగా గెలిచారు. 2018 డిసెంబరు తెలంగాణ ఎన్నికల్లో హైదరాబాద్ గోషామహల్ నుంచి చంద్రముఖి మువ్వల పోటీ చేశారు. ప్రచారం మధ్యలో ఆమె కనిపించకుండా పోయారు, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది, తిరిగొచ్చి పోటీలో నిలబడ్డారు. గెలవలేదు. గే కావడం, ట్రాన్స్ కావడం ఒకటి కాదు, అయినా ఆ భయం ఎలా ఉంటుందో ఆమె కథ మనకు దగ్గరగా చూపిస్తుంది.

నేను అమెరికాలో ఉంటున్నాను. ఇలాంటి అభ్యర్థికి సాయం చేయొచ్చా?

మీ హోదాను బట్టి. హెచ్‌1బీ మీద ఉంటే విరాళం ఇవ్వకూడదు, ఒక్క డాలరు కూడా. జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఫోన్లు చేయొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. గ్రీన్ కార్డు ఉంటే విరాళం ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. పొరపాటున ఓటు నమోదు చేసుకున్నా పౌరసత్వం దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. పౌరులైతే అన్నీ చేయొచ్చు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఏ పార్టీలోనూ నమోదు కాకపోతే ప్రైమరీలో ఓటు ఉండదు. ఇప్పటికే ఓటరుగా ఉండి పార్టీ మార్చుకోవాలంటే, జూన్ ప్రైమరీ కోసం ఫిబ్రవరి 14 లోపే దరఖాస్తు చేరాలి.